ఇల్యా మెచ్నికోవ్

ఇల్యా ఇల్యిచ్ మెచ్నికోవ్ (మే 15, 1845 - జూలై 15, 1916) రష్యా సామ్రాజ్యానికి చెందిన సుప్రసిద్ధ జీవశాస్త్రవేత్త. శరీరంలోని కొన్ని కణాలు బయటినుండి ప్రవేశించిన సూక్ష్మజీవులను మింగి జీర్ణించుకుంటాయని కనుగొన్నాడు. ఈ భక్షక కణాల పరిశోధనకు గాను 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమతిని పొందాడు. వాపు అనేది కేవలం రోగలక్షణం కాదనీ, అది శరీరం చేసే ఆత్మరక్షణ ప్రయత్నమనీ నిరూపించడానికి ఈయన పాతికేళ్ళు శ్రమించాడు.

బాల్యం, తొలి జీవితం

మెచ్నికోవ్ ప్రస్తుత ఉక్రెయిన్‌లోని ఖార్కోవ్ సమీపాన జన్మించాడు. ఖార్కోవ్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళ చదువును రెండేళ్ళలోనే పూర్తిచేశాడు. తరువాత ఒడెస్సాలో జంతుశాస్త్ర ఆచార్యుడయ్యాడు. మొదటి భార్య లుద్మీలా క్షయవ్యాధితో 1873లో మరణించగా, ఆ దుఃఖంలో ఆత్మహత్యకు యత్నించి బ్రతికి బయటపడ్డాడు. 1875లో ఓల్గాను వివాహమాడాడు. విశ్వవిద్యాలయంలోని రాజకీయ కలహాలతో విసిగి 1882లో ఉద్యోగానికి రాజీనామా చేశాడు.

మెస్సినాలో ప్రయోగం

ఆ సంవత్సరమే కుటుంబంతో సిసిలీ ద్వీపంలోని మెస్సినా నగరానికి వెళ్ళాడు. ఒకనాడు ఇంటివారందరూ సర్కసు చూడబోగా, తానొక్కడే సూక్ష్మదర్శిని ముందు కూర్చుని సముద్ర నక్షత్రపు డింభకాలను పరిశీలించసాగాడు. వాటి శరీరం పారదర్శకంగా ఉంటుంది గనుక లోపల కదలాడే కణాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ కణాలు శరీర రక్షణకు ఉపయోగపడుతూ ఉండవచ్చుననే ఊహ కలిగింది. వెంటనే తోటలోని గులాబీ ముళ్ళు తెచ్చి డింభకాల చర్మం క్రింద గ్రుచ్చాడు. మరునాడు తెల్లవారుజామున చూసేసరికి కణాలు ముళ్ళ చుట్టూ మూగి ఉన్నాయి.

ఈ చిన్న ప్రయోగానికి అంత ప్రాముఖ్యం ఎందుకంటే, అప్పటి వైద్యులు వాపును రక్తనాళాలకు కలిగిన హానిగా భావించేవారు. ఆ డింభకాలకు రక్తనాళాలే లేవు. అయినా కణాలు ముల్లు దగ్గరకు చేరాయి. కాబట్టి వాపులో ముఖ్యమైనది కణాల రాకయే గాని, నాళాల చెరుపు కాదని మెచ్నికోవ్ నిర్ణయించాడు. తరువాత నీటి ఈగ అనే సూక్ష్మ జలచరంలో ఈ కణాలు శిలీంధ్ర బీజాలను మింగివేయడం కూడా చూపాడు.

వివాదం, పారిస్ జీవితం

జర్మన్ శాస్త్రవేత్తలు పలువురు దీనిని అంగీకరించలేదు. రోగనిరోధక శక్తి అంతా రక్తద్రవంలోనే ఉన్నదని వారి వాదం. నిజానికి ఇరుపక్షాలలోనూ సత్యం ఉన్నదని తరువాత తేలింది. 1888లో లూయీ పాశ్చర్ ఆహ్వానంపై పారిస్ చేరి, జీవితాంతం పాశ్చర్ సంస్థలోనే పనిచేశాడు. వాపు గురించి 1891లో అక్కడ చేసిన ఉపన్యాసాలు మరుసటి సంవత్సరం గ్రంథంగా వెలువడ్డాయి.

చివరి దశలో వార్ధక్యం పైకి దృష్టి మళ్ళింది. పేగులలోని హానికర సూక్ష్మజీవుల వలన ముసలితనం త్వరపడుతుందని నమ్మి, రోజూ పులిసిన పాలు త్రాగేవాడు. పెరుగన్నంతో భోజనం ముగించే మనకు ఇది వింతగా తోచదు గాని, ఆనాటి ఐరోపాలో ఇది పెద్ద సంచలనం. అయితే పెరుగు ఆయుర్దాయాన్ని పెంచుతుందనే మాట ఈయన చేసిన ఇతర పరిశోధనలంత గట్టిది కాదు. 71వ ఏట గుండెజబ్బుతో పారిస్‌లో మరణించాడు. చితాభస్మాన్ని పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలో భద్రపరచారు.

భక్షక కణాలు, మెదడు, ఆకలి

భక్షక కణాలు సూక్ష్మజీవులను మింగడమే గాక, ఇంటర్‌ల్యూకిన్-1 వంటి రసాయన సంకేతాలను కూడా వెలువరిస్తాయని 20వ శతాబ్దంలో తెలిసింది. ఇవి మెదడులోని హైపోథలామస్‌పై ప్రభావం చూపి ఆకలిని అణచివేస్తాయి. జ్వరంలో అన్నం సహించకపోవడానికి ముఖ్య కారణం ఇదే. క్షయ, కాన్సరు వంటి దీర్ఘవ్యాధులలో రోగి చిక్కిపోవడంలోనూ వీటి పాత్ర ఉన్నది.

దీనికి విరుద్ధమైన స్థితి కూడా కలదు. మెదడుకు మైక్రోగ్లియా అనే సొంత భక్షక కణాలున్నాయి. వీటిని మెచ్నికోవ్ మరణించిన మూడేళ్ళకు, 1919లో, స్పెయిన్ దేశస్థుడు రియో ఓర్టెగా వర్ణించాడు. కొవ్వు అధికంగా గల ఆహారం తిన్న ఎలుకలలో కొద్ది రోజులకే హైపోథలామస్‌లోని ఈ కణాలు ఉత్తేజితమై స్వల్పమైన వాపు ఏర్పడుతుందని 21వ శతాబ్దపు పరిశోధనలు చూపాయి. ఈ వాపు కొనసాగినపుడు, కడుపు నిండినదని మెదడుకు తెలిపే లెప్టిన్ హార్మోను ప్రభావం తగ్గిపోతుంది. జ్వరంలో ఆకలిని చంపే వాపే ఇక్కడ తిండి యావను పెంచుతున్నది.