మోచేతి నుంచి గుండె దాకా

మన బ్యాచ్ వాళ్లందరం యాభై దాటాం. గ్రూపులో ఒకప్పుడు పిల్లల ఎంసెట్ ర్యాంకులు పెట్టుకునేవాళ్లం, ఇప్పుడు యాంజియోగ్రామ్ రిపోర్టులు పెట్టుకుంటున్నాం. రక్తనాళంలోంచి సన్నటి గొట్టాన్ని గుండె దాకా పంపడం ఈ రోజుల్లో ఒక పూట పని. ఆ దారి పనికొస్తుందని తన ఒంటి మీదే చేసి చూపించినవాడు, సర్జరీలో ఇంకా శిక్షణలో ఉన్న పాతికేళ్ల జర్మన్ కుర్రాడు వెర్నర్ ఫోర్స్‌మన్. నేను డాక్టర్ని కాను, పైపులూ పంపులూ చూసుకునే ఇంజనీరుని. బహుశా అందుకే ఈ కథ నన్ను పట్టుకుంది.

ఫోర్స్‌మన్ 1904 ఆగస్టు 29న బెర్లిన్‌లో పుట్టాడు. ఒక్కడే కొడుకు. తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోతే తల్లి ఆఫీసులో ఉద్యోగం చేసి చదివించింది. 1922లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరాడు. డాక్టరేటు కోసం కాలేయ సారం రక్తకణాల మీద ఎలా పనిచేస్తుందో చూడాల్సి వచ్చింది. దాన్ని తానూ తోటి విద్యార్థులూ తీసుకుని పరీక్షించుకున్నారు. ఆ అలవాటు అప్పటిదే.

1929లో బెర్లిన్‌కి దగ్గరలోని ఎబర్స్‌వాల్డే అనే ఊళ్లో చిన్న ఆసుపత్రిలో సర్జరీ శిక్షణకు చేరాడు. చదువుకునే రోజుల్లో చూసిన ఒక బొమ్మ అతన్ని వదల్లేదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞులు గుర్రం మెడ సిరలోంచి గుండెలోకి గొట్టం పంపి పీడనం కొలిచిన బొమ్మ అది. గుర్రానికి ఏమీ కాలేదు. మరి మనిషికి మోచేతి మడత దగ్గరి సిర చాలదా? ఆ రోజుల్లో గుండె ఆగిపోతున్న రోగికి ఛాతీలోంచి సూది గుచ్చి నేరుగా గుండెలోకి మందు ఎక్కించేవారు. సూది తగలరాని చోట తగిలితే ప్రాణానికే ముప్పు. ఫోర్స్‌మన్ వెతికింది అంతకంటే క్షేమమైన దారి. ఇంజనీరు కంటితో చూస్తే లెక్క సరిగ్గానే ఉంది. సిరల్లో ప్రవాహం గుండె వైపే, పోనుపోను నాళం వెడల్పవుతుంది, మధ్యలో ఉన్న కవాటాలు కూడా అటే తెరుచుకుంటాయి. మన భాషలో నాన్ రిటర్న్ వాల్వులు.

చీఫ్ రిచర్డ్ ష్నైడర్ వాళ్ల కుటుంబానికి స్నేహితుడే. అయినా రోగుల మీద సరే, నీ మీద కూడా వద్దని ఖండితంగా చెప్పాడు. తోటి డాక్టరు సాయంతో రహస్యంగా ప్రయత్నిస్తే, గొట్టం 35 సెంటీమీటర్లు వెళ్లేసరికి ఆ డాక్టరుకే ధైర్యం చాలక ఆపేశాడు. ఇక మిగిలింది పరికరాల గది చూసుకునే నర్సు గెర్డా డిట్జెన్. ఆ ప్రయోగం తన మీద చేస్తానంటేనే ఆమె ఒప్పుకుంది. సరేనని ఆమెను బల్లకు కట్టి, పక్కకు వెళ్లి తన మోచేతికే మత్తు ఇచ్చుకుని, మూత్రనాళాలకు వాడే సన్నటి గొట్టం లోపలికి తోసుకున్నాడు. కొంత దూరం వెళ్లాక ఆమెకు అసలు సంగతి చెప్పాడు. చేతిలో గొట్టంతోనే ఇద్దరూ మెట్లు దిగి ఎక్స్‌రే గదికి వెళ్లారు. విషయం తెలిసి పరుగున వచ్చిన తోటి డాక్టరు గొట్టం లాగెయ్యబోతే, కాలితో తన్ని మరీ ఆపాడు. గొట్టం 65 సెంటీమీటర్లు వెళ్లాక తీసిన ఫిల్ములో దాని కొస గుండె కుడి కర్ణికలో కనబడింది.

ఈ కథ చెప్పేవాళ్లు నర్సు సంగతి దగ్గర నవ్వుతారు. నాకు నవ్వు రాదు. గొట్టం వెళ్లేది తన గుండెలోకే అనుకుని పడుకున్న మనిషి ఆమె. ఆమెను మోసం చేసి కట్టిపడేయడాన్ని ధైర్యం అనలేను.

ష్నైడర్ ముందు కోప్పడ్డాడు, తర్వాత ఫిల్ము చూసి మెచ్చుకున్నాడు. చావుబతుకుల్లో ఉన్న ఒక రోగికి అదే దారిలో మందు ఇవ్వడానికి అనుమతించాడు. నవంబరులో వ్యాసం అచ్చయింది. అది పట్టుకుని బెర్లిన్‌లోని ప్రసిద్ధ షారిటే ఆసుపత్రికి, సర్జరీలో మహారాజులాంటి సావర్‌బ్రుఖ్ దగ్గరికి వెళితే, అక్కడ నిలవనివ్వలేదు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ బయటికే. తల్లి ఇంట్లో కుక్కల్ని పెంచి వాటి మీద ప్రయోగాలు సాగించాడు. మైన్జ్‌లో తోటి డాక్టరు ఎల్స్‌బెట్‌ను పెళ్లాడాడు. భార్యాభర్తలు ఒకే చోట పనిచేయకూడదన్న నియమంతో ఆ ఉద్యోగమూ పోయింది. చివరికి గుండెను వదిలి మూత్రకోశ వైద్యానికి మారాడు.

ఇంకో సంగతి చాలా వ్యాసాల్లో దాటేస్తారు. అతను 1932లో నాజీ పార్టీలో చేరాడు. యుద్ధంలో సైనిక డాక్టరుగా పనిచేసి అమెరికన్లకు ఖైదీగా చిక్కాడు. పార్టీ సభ్యత్వం వల్ల యుద్ధం తర్వాత కొన్నేళ్లు వైద్యం చేయనివ్వలేదు. అడవిలో చెట్లు కొట్టాడు. ఆరుగురు పిల్లలున్న ఆ ఇంటిని భార్య ప్రాక్టీసే నడిపింది.

ఈలోగా న్యూయార్క్‌లో కూర్నాండ్, రిచర్డ్స్ అనే ఇద్దరు ఆ పాత వ్యాసాన్ని పట్టుకుని, 1941 నుంచి గుండె జబ్బుల పరిశీలనకు ఆ పద్ధతిని వాడి తీర్చిదిద్దారు. 1956లో నోబెల్ బహుమతి ముగ్గురికీ కలిపి వచ్చింది. అప్పటికి ఫోర్స్‌మన్ బాడ్ క్రోయిట్స్‌నాఖ్ అనే చిన్న పట్నంలో యూరాలజీ డాక్టరు. రెండేళ్ల తర్వాత డ్యూసెల్‌డోర్ఫ్‌లో ఒక ఆసుపత్రి సర్జరీ విభాగానికి చీఫ్ అయ్యాడు. మనవాళ్లు చేయించుకుంటున్న కరోనరీ యాంజియోగ్రామ్‌కు క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ దారి తీసింది కూడా ఆ 1958లోనే.

ఫోర్స్‌మన్ 1979 జూన్ 1న గుండె జబ్బుతో పోయాడు. కొడుకుల్లో బెర్న్డ్ డాక్టరు కాలేదు, భౌతికశాస్త్రం వైపు వెళ్లాడు. కిడ్నీలో రాళ్లను కోత లేకుండా బయటి నుంచే పగలగొట్టే మొదటి లిథోట్రిప్సీ యంత్రాన్ని తయారుచేసిన వాళ్లలో అతనొకడు.