పాస్టర్ షీ తెరిచిన తలుపులు

1876 నుంచి 1879 వరకు ఉత్తర చైనాను భయంకరమైన కరువు కబళించింది. సుమారు కోటి మంది చనిపోయారని చరిత్రకారుల అంచనా. అందరికంటే ఎక్కువగా నష్టపోయింది షాన్‌షీ రాష్ట్రం. తిండిగింజలు పండాల్సిన ఎన్నో పొలాల్లో అప్పటికే గసగసాల మొక్కలు నిలబడి ఉన్నాయి. ఆ కాయల్లోంచి కారే పాలతోనే నల్లమందు తయారవుతుంది. ఆ వ్యసనం చైనాలో అంతగా పాకిపోవడానికి మన దేశపు నేల కూడా కారణమైంది. బీహారులోని పాట్నాలో, గంగానది ఒడ్డున ఉన్న గాజీపూర్‌లో తయారైన నల్లమందు కలకత్తాలో వేలానికి వచ్చి ఓడలెక్కి చైనా చేరేది. దాన్ని ఆపాలని చైనా చక్రవర్తి ప్రయత్నిస్తే బ్రిటన్ 1839లో యుద్ధానికి దిగింది. 1856లో మరో యుద్ధం జరిగింది. చివరికి చైనా రైతులే ఆ పంట పండించడం మొదలుపెట్టారు.

ఆ షాన్‌షీ రాష్ట్రంలోనే, పింగ్‌యాంగ్ పట్టణానికి దగ్గరలోని ఒక పల్లెలో 1836లో పుట్టాడు షీ. కన్ఫ్యూషియస్ గ్రంథాలు క్షుణ్ణంగా చదివాడు. చిన్న వయసులోనే ప్రభుత్వ పరీక్షలో నెగ్గి పండితుడనిపించుకున్నాడు. కోర్టు వ్యవహారాల్లో సలహా కోసం ఊరివాళ్లు ఆయన గుమ్మం ముందు నిలబడేవారు. ఇంత చదివినా చావు తర్వాత ఏముందన్న ప్రశ్నకు మాత్రం జవాబు దొరకలేదు. మనసులో దిగులు, ఒంట్లో జబ్బు రెండూ పెరిగాయి. నల్లమందు గొట్టం ఒక్కసారి పీల్చి చూడు, బాధ తగ్గుతుందని స్నేహితులు సలహా ఇచ్చారు. నిజంగానే తగ్గింది. కానీ కొన్నాళ్లకు ఆ గొట్టం లేకుండా లేవలేని స్థితి వచ్చింది. పదేళ్లకు పైగా దానికి బానిసయ్యాడు. ఒక దశలో ఇక బతకడని చావు బట్టలు కూడా తొడిగారని ఆయన జీవితకథ చెబుతుంది.

కరువు బాధితులకు సాయం చేయడానికి వచ్చిన డేవిడ్ హిల్ అనే ఇంగ్లండు మెథడిస్టు మిషనరీ ఆ ప్రాంతంలో పనిచేస్తున్నాడు. పండితులకు సువార్త ఎలా చేరవేయాలా అని ఆలోచించి, 1879లో ఆయన ఒక వ్యాసాల పోటీ పెట్టాడు. ప్రార్థన, విగ్రహాలు, నల్లమందు అందులోని అంశాల్లో కొన్ని. షీ వేర్వేరు పేర్లతో వ్యాసాలు పంపి మూడు బహుమతులు గెలుచుకున్నాడు. విదేశీయుడి ఇంటికి వెళ్లడానికి మాత్రం భయపడ్డాడు. ఆ విదేశీయుల ఓడలే కదా తన దేశానికి విషం మోసుకొచ్చింది! చివరికి జంకుతూనే వెళ్లాడు. హిల్ మంచితనం ఆ భయాన్ని పోగొట్టింది. ఆయనకు చైనా భాష నేర్పే పనికి కుదిరి, ఆ ఇంట్లో దొరికిన కొత్త నిబంధనను చదవడం మొదలుపెట్టాడు. యేసుక్రీస్తు శ్రమల కథ చదువుతూ మోకరించి కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ రోజే తన జీవితాన్ని ప్రభువుకు అప్పగించుకున్నాడు.

అసలు యుద్ధం అక్కడే మొదలైంది. ప్రభువును నమ్మినవాడు నల్లమందు గొట్టాన్ని పట్టుకుని ఉండలేడని ఆయనకు అర్థమైంది. వెంటనే మానేశాడు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు తిండి సయించలేదు, కంటికి కునుకు లేదు. కళ్లవెంట, ముక్కువెంట నీరు కారింది. ఒళ్లంతా నొప్పులు, చలి, చెమటలు. ఇంగ్లిషు మందులు వాడారు, చైనా మందులు వాడారు. ఏదీ పనిచేయలేదు. ఒక్కసారి, కొద్దిగా పీల్చితే చాలు, ఇంత నరకం పోతుందన్న శోధన ప్రతి గంటా తలుపు తట్టింది. హిల్, తోటివారు ప్రార్థిస్తూనే ఉన్నారు. ఆ బాధ ఒంటిది మాత్రమే కాదనీ, దాని వెనుక సాతాను పన్నాగం ఉందనీ షీకి తోచింది. చచ్చినా సరే ఇక ముట్టనని నిర్ణయించుకుని, బైబిల్లో చదివిన ప్రకారం పరిశుద్ధాత్మ సహాయం కోసం మొరపెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన మనసంతా ఒక గొప్ప శాంతి నిండింది. అప్పటినుంచి ఆయన పేరు షెంగ్‌మో. సాతానును జయించినవాడు అని దాని అర్థం.

మనం సాధారణంగా సాక్ష్యాన్ని ఇక్కడితో ముగిస్తాం. కానీ షీ జీవితంలో మనం నేర్చుకోవలసిన పాఠం ఇక్కడే మొదలవుతుంది.

నల్లమందు మానిన ప్రతి ఒక్కరికీ ఒకేలాంటి బాధ రాదు. ఈ సంగతిని నేటి వైద్యశాస్త్రం వివరంగా చెబుతోంది. నొప్పిని తగ్గించే కొన్ని రసాయనాలను దేవుడు మన మెదడులోనే పెట్టాడు. నల్లమందు, మార్ఫిన్, హెరాయిన్, కొన్ని రకాల నొప్పి మాత్రలు ఆ రసాయనాల స్థానాన్ని ఆక్రమిస్తాయి. రోజూ బయటినుంచి మత్తు అందుతుంటే మెదడు దానికి తగినట్టు తనను తాను మార్చుకుంటుంది. హఠాత్తుగా ఆపితే, అప్పటిదాకా అణిగి ఉన్న వ్యవస్థంతా ఒక్కసారిగా విజృంభిస్తుంది. హెరాయిన్ వంటివి మానిన 8 నుంచి 24 గంటల్లో బాధ మొదలై, రెండు మూడు రోజులకు తారస్థాయికి చేరి, సుమారు వారం పది రోజుల్లో సద్దుమణుగుతుంది. శరీరంలో ఎక్కువసేపు నిలిచే మందులైతే బాధ ఆలస్యంగా మొదలై ఇంకా ఎక్కువ రోజులు సాగుతుంది.

ఇదంతా స్థూలమైన లెక్క మాత్రమే. ఒకరికి జలుబు చేసినట్టుండి, ఆవలింతలతో, ఒళ్లునొప్పులతో సరిపోవచ్చు. మరొకరు వాంతులు, విరేచనాలతో లేవలేని స్థితికి చేరవచ్చు. ఇంకొకరికి ఒంటి బాధ త్వరగానే తగ్గినా నిద్రలేమి, దిగులు, మళ్లీ కావాలన్న తపన వారాలు, నెలల తరబడి వెంటాడవచ్చు. ఎంత మోతాదు వాడారు, ఎన్నేళ్లు వాడారు, ఏ రూపంలో వాడారు, పుట్టుకతో వచ్చిన జన్యువులు ఎలాంటివి, వేరే జబ్బులున్నాయా, మనసులో ఎంత కుంగుబాటు ఉంది, పక్కన ఎవరున్నారు... ఇలా ఎన్నో విషయాలు కలిసి ఆ తేడాను తెస్తాయి. కాబట్టి బాధ తక్కువైనవాడి విశ్వాసం గొప్పదనీ, ఎక్కువైనవాడి విశ్వాసం బలహీనమనీ చెప్పడానికి వీల్లేదు.

పాస్టర్ షీకి ఈ శాస్త్రం తెలియదు. కానీ మనుషులు తెలుసు. నేను ప్రార్థనతో గెలిచాను, మీరూ అలాగే గెలవండి అని ఆయన చేతులు దులుపుకోలేదు. వ్యసనపరుల కోసం ఆశ్రమాలు తెరిచాడు. అక్కడ ప్రార్థన ఉంది, వాక్యం ఉంది, వాటితోపాటు మందు ఉంది, భోజనం ఉంది, రాత్రివేళ పక్కన కూర్చునే మనిషి ఉన్నాడు. ఆ పక్కన కూర్చునేవాళ్లలో చాలామంది ఒకప్పుడు అదే బాధ అనుభవించినవాళ్లే. మొదట మిషనరీలు ఇచ్చిన మందులు వాడేవారు. అవి అయిపోయినప్పుడు షీ ఉపవాసముండి ప్రార్థించి, తనకు తెలిసిన చైనా మూలికలతో మాత్రలు తయారుచేశాడు. ఆ కాలంలో నల్లమందు మాన్పిస్తామంటూ మార్ఫిన్ కలిపిన మాత్రలు చైనాలో విరివిగా అమ్ముడుపోయేవి. క్రైస్తవుల ద్వారా వచ్చినందుకు జనం వాటికి యేసు నల్లమందు అని పేరు కూడా పెట్టారు. ఒక గొలుసు తెంపి మరో గొలుసు వేసే ప్రమాదం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అందుకే మందు ఒక్కటే చాలదు, ఆ మనిషి వెంట నడిచేవాళ్లు కావాలి.

ఈ సేవకు పెద్ద నిధులేమీ లేవు. హ్వోచౌ అనే పట్టణంలో ఆశ్రమం పెట్టాలని షీ దంపతులు ఎంతోకాలం ప్రార్థించారు. డబ్బు సమకూరలేదు. ఒకరోజు ఆయన భార్య తన పెళ్లినాటి నగలన్నీ మూటగట్టి భర్త చేతిలో పెట్టింది. వాటిని అమ్మగా వచ్చిన సొమ్ముతో ఆ ఊళ్లో తలుపులు తెరుచుకున్నాయి. అలా షాన్‌షీలోనూ పొరుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఆశ్రమాలు వెలిశాయి. చైనా ఇన్‌లాండ్ మిషన్ స్థాపకుడు హడ్సన్ టేలర్ 1886లో ఆయనను పాస్టరుగా అభిషేకించాడు. తర్వాతి కాలంలో టేలర్ స్థానంలో ఆ మిషన్‌కు నాయకుడైన డిక్సన్ హోస్ట్ యువకుడిగా షీ పక్కనే ఉండి సేవ నేర్చుకున్నాడు.

అన్నీ విజయాలే కాదు. కోలుకుని వెళ్లినవాళ్లలో కొందరు మళ్లీ పడిపోయారు. సొంత సహచరులే కొందరు ఎదురుతిరిగి పోటీ ఆశ్రమాలు పెట్టారు. షీ కూడా పట్టుదల, ముక్కుసూటితనం ఎక్కువున్న మనిషే. అయినా ఆశ్రమాల తలుపులు మూసుకోలేదు. 1896 ఫిబ్రవరిలో ఆయన ప్రభువు సన్నిధికి చేరాడు. ఆయనను క్రీస్తు దగ్గరికి నడిపించిన డేవిడ్ హిల్ కూడా అదే ఏడాది ఏప్రిల్‌లో, జ్వరపీడితులకు సేవ చేస్తున్న రోజుల్లోనే కన్నుమూశాడు.

మన ప్రభువు స్వస్థతలను గమనించండి. బర్తిమయిని ఒక్క మాటతో బాగుచేశాడు. మరో గుడ్డివాడి కళ్లకు బురద పూసి కోనేటికి పంపాడు. బేత్సయిదాలోని గుడ్డివాడికైతే మొదట మనుషులు చెట్లలా మసకగా కనిపించారు, రెండోసారి చెయ్యి ఉంచాకే స్పష్టంగా కనిపించింది. ఆ రెండోసారి కోసం ప్రభువు విసుక్కోలేదు, నీ విశ్వాసం చాలలేదని గద్దించలేదు. చావును కోరుకున్న ఏలీయాకు దేవదూత మొదట ప్రసంగం చెయ్యలేదు. రొట్టె పెట్టాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి రొట్టె పెట్టాడు.

ఈరోజు మన సంఘాల్లోనూ ఇలాంటివారు ఉన్నారు. ఆపరేషన్ తర్వాత వాడిన నొప్పి మాత్రలను వదలలేనివారున్నారు, మత్తుకు అలవాటుపడిన యువకులున్నారు, వారి కోసం ఏడుస్తున్న తల్లులున్నారు. ఒక్క రాత్రిలో విడుదల పొందిన వ్యక్తి సాక్ష్యం చెబితే దేవుణ్ణి స్తుతిద్దాం. కానీ దానిని కొలబద్దగా చేసి వెనుక వరుసలో తలదించుకుని కూర్చున్నవాణ్ణి కొలవొద్దు. ప్రార్థన చేద్దాం, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్దాం. నెమ్మదిగా, సురక్షితంగా మాన్పించే చికిత్స నేడు ఉంది. గర్భిణులు, రోగులు సొంతంగా ఒక్కసారిగా ఆపడం ప్రమాదకరం. మద్యం విషయంలోనైతే హఠాత్తుగా మానడం కొందరి ప్రాణానికే ముప్పు. కొన్నాళ్లు మానినవాడు మళ్లీ పాత మోతాదు తీసుకుంటే శరీరం తట్టుకోలేక చనిపోవచ్చు. అందుకే పడిపోయినవాణ్ణి సిగ్గుపరచి దూరంగా తోసేయడం అతణ్ణి మరణానికి దగ్గర చేయడమే. కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు 14446కు ఎవరైనా ఫోన్ చేయవచ్చు.

షీ తన ఏడు రాత్రులను ఎన్నడూ మరచిపోలేదు. కానీ వాటిని తన గొప్పతనంగా చూపించుకోవడానికి వాడలేదు. అలాంటి రాత్రి గడుపుతున్న ఎవరో ఒకరి పక్కన కూర్చోవడానికి వాడాడు. ఆ కుర్చీ నేడు మన సంఘాల్లో ఖాళీగా ఉండకూడదు.