తల్లుల ప్రాణరక్షకుడు: సెమ్మెల్‌వైస్ వైద్యుని జీవితము

ఆరోగ్యమును గోరి వైద్యశాల జొచ్చినవారు అచ్చటి లోపముల వలననే మరణించుట కంటె దుస్సహమైన విషయము మఱొకటి లేదు. వైద్యము దొఱకక చచ్చుట దారిద్ర్య దోషము. వైద్యుని చెంత జేరియు వైద్యుని హస్తము వలననే చచ్చుట ధర్మదోషము. ఈ దోషమును గనిపెట్టి, దానిని బాపుటకై పదవిని, కీర్తిని, తుదకు సుఖజీవనమును గోల్పోయిన యొక మహనీయుని చరిత్రమును మహాసభకు విచ్చేసిన సోదరీసోదరులకును, సంచిక నాదరించు పోషకులకును నివేదింప దలచితిమి.

ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ హంగేరీ దేశమున డాన్యూబు నదీతీరమందలి బుడా పట్టణమున 1818వ సంవత్సరము జూలై 1వ తేదీన జన్మించెను. తండ్రి సంపన్నుడైన పచారీ వర్తకుడు. కుమారుడు 1837లో ధర్మశాస్త్రము జదువుటకై వియన్నా నగరమునకు బోయి, యనతికాలముననే వైద్యవిద్యకు మరలెను. 1844లో పట్టమును వడసి, 1846 జూలైలో వియన్నా సార్వజనిక వైద్యశాలయందు మొదటి ప్రసూతి విభాగమున సహాయ వైద్యుడుగా నియమితుడయ్యెను.

ఆ వైద్యశాలను 1784లో రెండవ జోసెఫ్ చక్రవర్తి ప్రారంభించెను. నిరుపేద స్త్రీలు అచ్చట రుసుము లేకయే పురుడు పోసికొనుచుండిరి. అందుకు బదులుగా విద్యార్థులు వారిని పరీక్షించి విద్య నేర్చుకొనుచుండిరి. ప్రసూతి విభాగములు రెండు. మొదటిదానిలో వైద్య విద్యార్థులును, రెండవదానిలో మంత్రసాని పని నేర్చుకొను స్త్రీలును శిక్షణ పొందుచుండిరి. దినము విడిచి దినము ఒక్కొక్క విభాగమున గర్భిణులను జేర్చుకొనుచుండిరి. 1841 మొదలు 1846 వఱకు గల లెక్కలను జూడగా, మొదటి విభాగమున నూటికి సుమారు 10 మంది తల్లులు మరణింపగా, రెండవదానిలో నూటికి నలుగురైనను మరణింపలేదు. మృత్యుకారణము సూతికా జ్వరము. ఈ సంగతి నగరమున నెల్లరు నెఱుగుదురు. మొదటి విభాగమునకు వంతు వచ్చిన దినమున స్త్రీలు మోకాళ్లపై బడి, తమ్ము రెండవదానికి బంపుడని యేడ్చెడివారు. మార్గమధ్యముననే ప్రసవించి వైద్యశాల జేరినవారు సైత మా జ్వరమునకు మిక్కిలి తక్కువగా గుఱియగుచుండిరి.

పెద్ద వైద్యులు దీనికి గాలి దోషమనియు, జనసమ్మర్దమనియు, స్త్రీల భయమనియు కారణములు చెప్పుచుండిరి. సెమ్మెల్‌వైస్ ఒక్కొక్క కారణమును బరీక్షకు బెట్టెను. గాలి రెండు విభాగములకు నొక్కటియే. జనసమ్మర్దము రెండవదానిలోనే హెచ్చు. మరణించువారికై గంట మ్రోయించుచు వచ్చు మతాచార్యుని మార్గమును మార్పించి, గంటను మాన్పించెను. ప్రసవించు స్త్రీలను బరుండబెట్టు తీరును గూడ మార్పించెను. మరణములు తగ్గలేదు.

1847 మార్చిలో ఆయన మిత్రుడగు కొలెచ్కా యను ఆచార్యుడు మృతి నొందెను. శవపరీక్ష జరుగుచుండగా విద్యార్థి చేతి కత్తి యాయన వ్రేలికి గ్రుచ్చుకొనెను. ఆ గాయమే ప్రాణము గొనెను. ఆ మృతదేహ పరీక్షయందలి వివరములను జదివిన సెమ్మెల్‌వైస్, అవి సూతికా జ్వరమున మడిసిన తల్లుల దేహములలో గానవచ్చు చిహ్నములే యని గుర్తించి నిశ్చేష్టుడయ్యెను. వైద్యులును విద్యార్థులును శవచ్ఛేదశాల నుండి తిన్నగా వచ్చి గర్భిణులను బరీక్షించుచుండిరి. మంత్రసానులకు శవములతో బనిలేదు. చేతుల నంటిన శవకణములే మృత్యువును గొనివచ్చుచున్నవని యాయనకు దేటపడెను.

1847 మే నెల మధ్యమున, క్లోరిను గలిపిన సున్నపు నీటితో చేతులు గడిగికొననిదే యెవ్వరును రోగిని దాకరాదని యాయన శాసించెను. ఏప్రిల్‌లో నూటికి 18 మంది మరణించిన యా విభాగమున, జూన్‌లో ఇద్దఱికి, జూలైలో ఒక్కరికి సమీపముగా మరణములు దిగజాఱెను. 1848లో రెండు మాసములు ఒక్క తల్లియు మరణింపలేదు. ఇందుకు గావలసినవి కొంచెము సున్నపు నీరును, కొంచెము శ్రద్ధయు మాత్రమే.

ఇట్టి ఫలమును గన్నులార జూచియు పెద్దలు హర్షింపలేదు. తమ చేతులే హంతకములని యొప్పికొనుట వారికి దుర్భరమయ్యెను. సెమ్మెల్‌వైస్ మాత్రము తానును శవపరీక్షలు మెండుగా గావించినవాడు గనుక, తన మూలమున నెందఱు తల్లులు మడిసిరో దైవమునకే యెఱుకయని బహిరంగముగా నొప్పికొనెను. విభాగాధిపతియగు క్లైన్ ఆచార్యుడు 1849లో ఆయన పదవీకాలమును బొడిగింపలేదు. 1850లో ఆయన వియన్నాను విడిచి స్వదేశమున పెస్ట్ పట్టణము జేరి, సెయింట్ రోకస్ వైద్యశాలలో ప్రసూతి విభాగమును జేపట్టి, అచ్చటను ఆరేండ్లలో మరణములను నూటికి ఒకటి కంటె దిగువకు దెచ్చెను. 1855లో ఆచార్య పదవి లభించెను. 1861లో తన సిద్ధాంతమును గ్రంథముగా వెలువరించెను. దానిని పెక్కండ్రు నిరాకరింపగా, మనస్సు గలగి, విరోధులను హంతకులని దూషించుచు బహిరంగ లేఖలు ప్రకటించెను. న్యాయము తన పక్షమున నున్నను, ఆ పరుషత యాయనకు మిత్రులను దగ్గించెనని చెప్పక తప్పదు.

1865లో మతి చెడినదని యాయనను వియన్నాలోని పిచ్చాసుపత్రికి గొనిపోయిరి. అచ్చటి కావలివారు తీవ్రముగా గొట్టిరి. గాయము చీముపట్టి, రక్తము విషమై, ఆగస్టు 13వ తేదీన 47వ యేట మరణించెను. ఏ దోషము నుండి తల్లులను గాచెనో ఆ దోషమునకే తాను బలియయ్యెను. తర్వాత పాశ్చర్, లిస్టర్ మహాశయుల పరిశోధనల వలన సూక్ష్మజీవుల స్వభావము తెల్లమై, ఆయన మాట సత్యమని లోక మంగీకరించెను. 1969లో బుడాపెస్ట్‌లోని వైద్య విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టిరి.

సోదరులారా! ఇది గతించిన కథ యని తలపరాదు. 2018లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరిశీలన ననుసరించి, స్వల్ప మధ్యమాదాయములు గల దేశములలో వైద్యముచే నివారింపదగిన మరణములు ఏటికి 86 లక్షలు. అందు 36 లక్షలు వైద్యమందక కలిగినవి. తక్కిన 50 లక్షలు వైద్యమందియు నది నాసిరకమగుట వలన గలిగినవి. మనలో వదాన్యులు వైద్యశాలలకు గదులు గట్టించుచున్నారు, మంచము లిచ్చుచున్నారు. శిలాఫలకములపై వారి పేర్లు చెక్కబడుచున్నవి. అది మిగుల శ్లాఘనీయము. కాని యా గదులలో నీరున్నదా, సబ్బున్నదా, చేరినవారెందఱు, బ్రతికి యిల్లు జేరినవారెందఱు అను లెక్కను ఏటేట నడుగుట దానమున సగభాగమని మా విన్నపము. సెమ్మెల్‌వైస్ చేతిలో ధనము లేదు. లెక్కయు, నిజాయితీయు మాత్రమే యుండెను. వానితోనే యాయన వేలాది యిండ్లలో దీపము నిలిపెను. దాతలు తమ దానమునకు వీనిని జతపఱచిన, ఆ పుణ్యము శిలాఫలకముల కంటె చిరకాలము నిలుచునని మేము విశ్వసించుచున్నాము.