టీకా ప్రదాత జెన్నర్

పాపికొండలను చీల్చుకొని తూర్పుసముద్రం వైపు సాగే ముందు గోదావరి నది భద్రాచలం వద్ద దట్టమైన అరణ్యాలను ఒరసికొని ప్రవహిస్తుంది. నదికి ఒక ఒడ్డున ఖమ్మం సీమ, మరొక ఒడ్డున భద్రాచలం మన్యం. కోయలు, కొండరెడ్లు తరతరాలుగా ఈ అడవులను నమ్ముకొని జీవిస్తున్నారు. పూర్వం ఈవలి ఒడ్డు నిజాం రాజ్యంలో ఉండేది. ఆవలి ఒడ్డున ఉన్న భద్రాచలం తాలూకా 1874లో మద్రాసు రాజధానికి చెందిన గోదావరి జిల్లాలో చేరింది. పాలకులకు నది ఎల్లగా ఉండేది కాని, మశూచి అనే మహమ్మారికి ఆ ఎల్ల పట్టేది కాదు. పడవ దాటిన మనిషితోపాటు అదీ నదిని దాటేది.

ఆనాటి తెలుగు పల్లెలలో ఆ వ్యాధి పేరును బిగ్గరగా పలకడానికే జనం జంకేవారు. అమ్మవారు పోసిందనేవారు. ఒంటిమీద లేచిన పొక్కులను ముత్యాలుగా భావించి ముత్యాలమ్మకు మొక్కుకొనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టి, రోగిని వేపాకుల మీద పరుండబెట్టి, ఇంట తాలింపు పెట్టడం కూడా మానేవారు. వ్యాధి సోకిన ప్రతి పదిమందిలో ఇంచుమించు ముగ్గురు మరణించేవారు. బ్రతికినవారికి ముఖం నిండా గుంటలు మిగిలేవి. కొందరికి చూపే పోయేది. శీతకాలం చివరి నుండి ఎండలు ముదిరే వరకు ఈ వ్యాధి విజృంభించేది. శ్రీరామనవమికి యాత్రికులు వేల సంఖ్యలో భద్రాద్రికి చేరేదీ ఆ కాలంలోనే. వైద్యుడు లేని అడవి గూడేలకు ఇంతకంటే పెద్ద ఆపద వేరే ఉండేది కాదు.

నేడు ఆ భయం లేదు. వృద్ధుల భుజాలపై కనిపించే గుండ్రని టీకా మచ్చ మాత్రమే ఆ రోజులకు గుర్తుగా మిగిలింది. ఆ మచ్చకు మూలపురుషుడు ఇంగ్లండులోని ఒక చిన్న పల్లెటూరి వైద్యుడు. ఆయనే ఎడ్వర్డ్ జెన్నర్.

జెన్నర్ 1749 మే 17వ తేదీన గ్లాస్టర్‌షైర్ ప్రాంతంలోని బర్కిలీ గ్రామంలో జన్మించాడు. తండ్రి స్టీఫెన్ జెన్నర్ ఆ ఊరి చర్చిలో మతాచార్యుడు. తొమ్మిదిమంది సంతానంలో ఎడ్వర్డ్ ఎనిమిదవవాడు. ఐదేండ్ల వయసులోనే తల్లిని, తండ్రిని కోల్పోయి తోబుట్టువుల సంరక్షణలో పెరిగాడు. 

ఆ కాలంలో మశూచి నుండి తప్పించుకొనడానికి ఒకే ఒక మార్గం ఉండేది. తేలికగా వ్యాధి సోకిన రోగి పొక్కుల నుండి రసిని తీసి, ఆరోగ్యవంతుని చర్మాన్ని గీరి అందులోకి ఎక్కించేవారు. మన దేశంలో బెంగాల్ వంటి ప్రాంతాలలోను ఈ పద్ధతి ఉండేది. దీనివలన కొద్దిపాటి వ్యాధి వచ్చి తగ్గి, మళ్ళీ జీవితంలో మశూచి సోకేది కాదు. అయితే వందమందిలో ఒకరిద్దరు ఆ ప్రయత్నంలోనే మరణించేవారు. పైగా ఇలా రసి ఎక్కించుకొన్నవాని నుండి ఇతరులకు అసలైన మశూచి అంటుకొనేది. ఎనిమిదేండ్ల ప్రాయంలో జెన్నర్ ఈ బాధను అనుభవించాడు. వారాల తరబడి పిల్లలకు అర్ధాకలితో కూడు పెట్టి, నెత్తురు తీసి, బలహీనపరచి, పశువులశాలలో ఇతర పిల్లలతో కలిపి ఉంచేవారు. ఆ చేదు జ్ఞాపకం ఆయనను జీవితాంతం వెన్నాడింది.

బాల్యం గడచిన పిమ్మట జెన్నర్ చిప్పింగ్ సాడ్‌బరీలో డేనియల్ లడ్లో అనే శస్త్రవైద్యుని వద్ద శిష్యరికం చేశాడు. ఇరవై ఒకటవ ఏట లండను చేరి, ప్రఖ్యాత శస్త్రవైద్యుడు జాన్ హంటర్‌కు శిష్యుడయ్యాడు. ఊహలతో తృప్తి చెందక ప్రయోగం చేసి చూడాలన్న గుణాన్ని జెన్నర్ ఈ గురువు వద్దనే అలవరచుకొన్నాడు. లండనులోనే ఉండి ధనం గడించే అవకాశం ఉన్నా, ఆయన స్వగ్రామమైన బర్కిలీకి తిరిగి వచ్చి, గుర్రమెక్కి పల్లెపల్లెకు తిరుగుతూ వైద్యం చేశాడు. ప్రకృతి పరిశీలన ఆయనకు ఎంతో ప్రీతి. పరాయి గూటిలో పొదగబడిన కోకిల జాతి పక్షిపిల్ల ఆ గూటి పిల్లలను బయటికి నెట్టివేసే తీరును ఓపికగా గమనించి వ్యాసం వ్రాశాడు. ఆ కృషికి గుర్తింపుగా 1789లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొంది. 

బర్కిలీ పరిసరాలలో పాడిపశువులు ఎక్కువ. ఆవుల పొదుగులపై అప్పుడప్పుడు పొక్కులు లేచేవి. పాలు పితికేవారి చేతులకు ఆ పొక్కులు అంటుకొని కొద్దిరోజులలో మానిపోయేవి. ఈ గోమశూచి సోకినవారికి పెద్ద మశూచి రాదని పాడి రైతులలో ఒక నమ్మకం ఉండేది. 1774లో బెంజమిన్ జెస్టీ అనే రైతు ఆ నమ్మకంతోనే తన భార్యకు, కుమారులకు ఆవు పొక్కుల రసిని ఎక్కించాడు కూడా. చదువుకొన్న వైద్యులు దీనిని పామరుల మాటగా కొట్టివేశారు. జెన్నర్ మాత్రం కొట్టివేయలేదు. గొల్లల అనుభవంలో సత్యం ఉండవచ్చునని భావించి, గోమశూచి సోకినవారి వివరాలను ఏండ్ల తరబడి సేకరించాడు.

1796 మే 14వ తేదీన ఆయన ఒక సాహసం చేశాడు. సారా నెల్మ్స్ అనే పాలు పితికే యువతి చేతికి గోమశూచి పొక్కులు లేచాయి. ఆ పొక్కుల రసిని తీసి, తన తోటమాలి కుమారుడైన జేమ్స్ ఫిప్స్ అనే ఎనిమిదేండ్ల బాలుని చేతిపై గీరి ఎక్కించాడు. బాలునికి స్వల్పంగా జ్వరం వచ్చి తగ్గిపోయింది. జులై 1వ తేదీన అదే బాలునికి అసలైన మశూచి రసిని ఎక్కించాడు. వ్యాధి రాలేదు. ఒక పేదవాని బిడ్డపై ఇటువంటి పరీక్ష చేయడాన్ని నేటి వైద్యనీతి అంగీకరించదు. కాని మశూచి రసిని ఎక్కించడం ఆనాడు ఇంటింటా జరిగే పని. ఆ బాలుని ఋణాన్ని జెన్నర్ మరువలేదు. ఫిప్స్ పెద్దవాడైన తరువాత అతనికి నివసించడానికి ఒక ఇల్లు ఇచ్చాడు.

తన పరిశోధనను జెన్నర్ రాయల్ సొసైటీకి నివేదించగా, ఆధారాలు చాలవని వారు ప్రచురణకు నిరాకరించారు. ఆయన నిరుత్సాహపడక మరికొందరిపై పరిశీలన సాగించి, 23 ఉదాహరణలతో 1798లో సొంత ఖర్చుతో ఒక గ్రంథాన్ని ప్రకటించాడు. లాటిన్ భాషలో ఆవును వాకా అంటారు. వాక్సిన్ అనే మాట దాని నుండే పుట్టింది. గ్రంథం వెలువడగానే అపహాస్యాలు మొదలయ్యాయి. టీకా వేసుకొన్నవారి ఒంటి నుండి ఆవుతలలు మొలుస్తున్నట్లు 1802లో ఒక వ్యంగ్యచిత్రం వెలువడింది. భయం అడవి మనుషుల సొత్తు మాత్రమే కాదని, కొత్తదనం ఎదురైనప్పుడు లండను నగరం కూడా బెదిరిందని ఈ ఉదంతం చాటుతున్నది.

నిజం నిలకడ మీద తెలిసింది. యూరప్ దేశాలు టీకాను స్వీకరించాయి. నెపోలియన్ తన సైనికులకు టీకాలు వేయించాడు. స్పెయిన్ ప్రభుత్వం 1803లో అనాథబాలురను ఓడలో ఎక్కించి, ఒకరి చేతి నుండి మరొకరి చేతికి టీకా రసిని అందిస్తూ అమెరికా ఖండానికి చేర్చింది. బ్రిటిష్ పార్లమెంటు జెన్నర్‌కు 1802లో పదివేల పౌండ్లు, 1807లో ఇరవైవేల పౌండ్లు బహూకరించింది. టీకా తయారీని రహస్యంగా ఉంచితే అంతకు ఎన్నో రెట్లు గడించగలిగేవాడు. ఆయన అలా చేయలేదు. కోరినవారందరికీ రసిని పంపి, తన తోటలోని చిన్న కుటీరంలో పేదలకు ఉచితంగా టీకాలు వేశాడు. ఎవరికి వైద్యుడు అందుబాటులో లేడో వారికే మొదట రక్షణ చేరాలన్న భావన ఆ కుటీరంలో ఉంది.

టీకా మన దేశానికి సుదీర్ఘ ప్రయాణం చేసి వచ్చింది. వియన్నా, కాన్‌స్టాంటినోపుల్, బాగ్దాదు, బస్రాల మీదుగా బొంబాయి చేరింది. 1802 జూన్ 14వ తేదీన అక్కడ అన్నా డస్ట్‌హాల్ అనే మూడేండ్ల బాలిక భారతదేశంలో తొలి టీకాను పొందింది. ఆ బాలిక చేతి పొక్కు నుండి తీసిన రసి వరుసగా ఇతర ప్రాంతాలకు, మద్రాసు రాజధానికి ప్రాకింది. ప్రజల సంకోచం తొలగించడానికి మైసూరు రాజకుటుంబపు స్త్రీలు టీకా వేయించుకొన్నారు. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల వారు కృతజ్ఞతతో చందాలు పోగుచేసి వేలాది పౌండ్లను జెన్నర్‌కు పంపారు.

నగరాలకు చేరిన టీకా అడవికి చేరడానికి మాత్రం ఎన్నో దశాబ్దాలు పట్టింది. ఇంగ్లండులో 1840 నాటి చట్టం పేదలకు ఉచిత టీకాను కల్పించగా, 1853 నాటి చట్టం శిశువులందరికీ టీకాను నిర్బంధం చేసింది. భారతదేశంలో 1880లో వచ్చిన టీకాల చట్టం పురపాలక సంఘాలకు, సైనిక స్థావరాలకు ఉద్దేశించినది. పాలకులు నివసించే చోట్లకు రక్షణ లభించింది. భద్రాచలం మన్యం వంటి సీమలు ఆ చట్టపు నీడకు వెలుపల ఉండిపోయాయి. దారిలేని అడవిలో, మండే ఎండలో తీసుకొని పోతే టీకా మందు కొద్దిరోజులలోనే శక్తిని కోల్పోయేది. భాష తెలియని ఉద్యోగి వచ్చి చేయి పట్టుకొని గీరితే గిరిజనులు సందేహించడంలో వింత లేదు. ఆ సందేహాన్ని అజ్ఞానమని నిందించడం తేలిక. నమ్మకాన్ని సంపాదించడం కష్టం.

స్వాతంత్ర్యానంతరం 1962లో భారత ప్రభుత్వం జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఎండకు చెడని పొడి టీకా మందు వాడుకలోకి వచ్చింది. దానిని తయారుచేసిన సంస్థలలో హైదరాబాదులోని సంస్థ కూడా ఒకటి. జనాభాలో నూటికి ఎనభైమందికి టీకాలు వేస్తే వ్యాధి దానంతట అదే అంతరిస్తుందని తొలుత భావించారు. అలా జరగలేదు. లెక్కలో చేరని ఇరవైమందిలోనే మశూచి తలదాచుకొంది. ఊరూరా తిరిగే కూలీలు, మురికివాడల పిల్లలు, కొండకోనల ప్రజలు వారిలో ఉన్నారు. 1974లో దేశంలో సుమారు 1,88,000 మంది ఈ వ్యాధి బారినపడ్డారు.

అప్పటికే ప్రభుత్వ విధానం మారసాగింది. 1973 నుండి ఆరోగ్య కార్యకర్తలు రోగి చిత్రం ముద్రించిన కార్డును చేతబట్టి ఇల్లిల్లూ తిరిగారు. సంతలలో జనాన్ని విచారించారు. రోగి కనిపించిన వెంటనే ఆ ఇంటివారికి, ఇరుగుపొరుగువారికి, వచ్చిపోయినవారికి వెతికి వెతికి టీకాలు వేశారు. మశూచి సోకిన తరువాత పైకి కనిపించడానికి పదిపన్నెండు రోజులు పడుతుంది. మొదటి మూడు నాలుగు రోజులలో టీకా వేస్తే వ్యాధిని ఆపవచ్చు. ఈ చిన్న వ్యవధినే వారు ఆయుధంగా మలచుకొన్నారు. అందరికీ సమానంగా పంచడం కంటె, ఆపదకు చేరువలో ఉన్నవానిని ముందుగా చేరుకొనడం ఫలించింది. 1975 మే నెలలో అస్సాంలో గుర్తించిన రోగితో మన దేశంలో మశూచి కథ ముగిసింది. 1980 మే 8వ తేదీన ప్రపంచ ఆరోగ్య సభ భూమండలమంతా మశూచి నుండి విముక్తి పొందిందని ప్రకటించింది.

ఆ తరువాత సామాన్య ప్రజలకు మశూచి టీకాలు వేయడం నిలిపివేశారు. ఈ టీకా అరుదుగానైనా కొందరికి హాని చేస్తుంది. చర్మవ్యాధులు ఉన్నవారికి, రోగనిరోధకశక్తి తగ్గినవారికి, గర్భిణులకు ముప్పు ఎక్కువ. అందువలన వ్యాధి లేని లోకంలో అందరికీ దానిని వేయడం తగదు. మశూచి జాతికి చెందిన క్రిములతో పనిచేసే ప్రయోగశాలల సిబ్బంది వంటివారికి మాత్రమే దానిని పరిమితం చేశారు. టీకా ఎవరికి వేయాలో నిర్ణయించడంతోపాటు ఎవరికి వేయరాదో నిర్ణయించడం కూడా ప్రజారోగ్య విధానంలో భాగమే.

ఈ విజయాన్ని చూడడానికి జెన్నర్ జీవించి లేడు. పెద్దకుమారుడు 1810లోను, భార్య కేథరిన్ 1815లోను క్షయవ్యాధితో మరణించారు. లోకానికి ఒక రోగం నుండి రక్షణ చూపినవాడు తన ఇంటిని మరొక రోగం నుండి కాపాడుకొనలేకపోయాడు. ఆ దుఃఖంతో ఆయన బర్కిలీలోనే ఉండి రోగులకు సేవ చేస్తూ 1823 జనవరి 26వ తేదీన కన్నుమూశాడు. స్వగ్రామంలోని చర్చిలోనే ఆయనను ఖననం చేశారు.

నేడు భద్రాచలం అడవులలో ముత్యాలమ్మ కొలువులు సాగుతూనే ఉన్నాయి. మశూచి మాత్రం లేదు. పామరుల మాటను చెవిన పెట్టిన ఒక పల్లెటూరి వైద్యుని వినయం నుండి ఈ రక్షణ పుట్టింది. అది అడవి అంచున ఉన్న చిట్టచివరి గడప వరకు చేరినప్పుడే పరిపూర్ణమైంది. ఒక్క గూడేన్ని విడిచిపెట్టినా వ్యాధి మళ్ళీ నగరానికి దారి వెతుక్కొంటుంది. ప్రజారోగ్యాన్ని కోరే ప్రభుత్వానికైనా, సమాజానికైనా జెన్నర్ జీవితం అందించే పాఠం ఇదే.