ఎలక్ట్రోడుకు పేరు పెట్టిన మహనీయుడు: మైకేల్ ఫారడే

గాలివాన వచ్చి కరెంటు స్తంభాలు ఒరిగిపోయిన రాత్రులు కోనసీమ వాసులకు కొత్తవి కావు. అట్టి రాత్రులలో మన ముమ్మిడివరం మొదలు సముద్రతీరపు పల్లెల వరకు ఇంటింటా వెలుగునిచ్చేది బ్యాటరీ దీపమే. దూరాననున్న బంధువుల క్షేమసమాచారం తెలిపేది బ్యాటరీతో పనిచేసే సెల్ ఫోనే. ఆ బ్యాటరీలో విద్యుత్తు రాకపోకలకు ద్వారములైన రెండు భాగాలను ఎలక్ట్రోడులంటున్నాము. ఆ పేరును శాస్త్రలోకానికి ప్రసాదించినవాడు మైకేల్ ఫారడే. ఆయన జీవితగాథను మా శక్తికొలది విద్యార్థిలోకం ముందుంచుతున్నాము.

ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన లండను నగరాన్ని ఆనుకొని ఉన్న న్యూయింగ్టన్‌లో ఒక నిరుపేద కమ్మరి ఇంట జన్మించాడు. చదవడం, రాయడం, కొద్దిపాటి లెక్కలు మినహా బడిలో ఆయన నేర్చినది ఏమీ లేదు. పదమూడవ ఏట రీబో అనే పుస్తక వ్యాపారి వద్ద పత్రికలు చేరవేసే కుర్రవాడుగా చేరి, మరుసటి సంవత్సరం నుండి ఏడేండ్లపాటు పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్చుకున్నాడు. అట్ట కట్టడానికి వచ్చిన గ్రంథాన్ని చదవనిదే విడిచేవాడు కాదు. విజ్ఞానసర్వస్వంలోని విద్యుత్తు వ్యాసం, జేన్ మార్సెట్ అనే విదుషీమణి రచించిన రసాయనశాస్త్ర గ్రంథం ఆయనకు గురుపీఠములైనాయి.

1812లో ఈ యువకుడు స్వయంగా ఒక బ్యాటరీని నిర్మించాడు. ఏడు రాగి నాణేలు, వాటి పరిమాణంలోనే కత్తిరించిన ఏడు జింకు బిళ్ళలు, నడుమ ఉప్పునీటిలో తడిపిన ఆరు కాగితపు ముక్కలు - ఇదియే ఆయన తొలి పరికరం. ఆ ఏడే ఒక ఖాతాదారు ఇచ్చిన టిక్కెట్లతో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు విన్నాడు. విన్నదంతా చక్కగా రాసి, తన చేతులతోనే అట్ట కట్టి డేవీకి పంపాడు. 1813 మార్చిలో అక్కడి ప్రయోగశాలలో సహాయకుడుగా నియమితుడైనాడు.

ప్రయోగశాలలో ఆయన నేర్చిన మొదటి పాఠం ప్రమాదమే. అంతకు కొద్ది నెలల ముందు నత్రజని, క్లోరిన్ల సమ్మేళనమొకటి పేలి డేవీ కంటికి గాయమైంది. అదే పదార్థంతో పనిచేస్తూ ఫారడే కూడా నాలుగు పేలుళ్ళ నుండి స్వల్ప గాయాలతో బయటపడ్డాడు. 1815లో డేవీ బొగ్గుగని కార్మికుల కొరకు రక్షణదీపం రూపొందించినప్పుడు ఆయనకు చేదోడుగా నిలిచినవాడు ఫారడేయే. జ్వాల చుట్టూ సన్నని తీగెవల అమర్చినచో, ఆ వల వేడిని హరించి, గనిలోని వాయువుకు బయట నిప్పంటుకోనివ్వదు. దీపాన్ని ఆర్పకుండానే దాని అపాయాన్ని తగ్గించిన ఉపాయమిది.

1831 ఆగస్టు 29వ తేదీన ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. నేటి జనరేటర్లన్నిటికి మూలం అదే. పిమ్మట విద్యుద్విశ్లేషణ సూత్రాలను నిరూపించాడు. ఈ కొత్త విద్యకు పాత మాటలు చాలకపోగా, గ్రీకు భాషలో పండితుడైన విలియం హ్యూయెల్ వంటివారి సలహా కోరాడు. అట్లు 1834లో ఎలక్ట్రోడు, ఆనోడు, కేథోడు, అయాను అనే మాటలు లోకానికి పరిచయమైనాయి. అయాను అనగా పయనించునది. భాష తెలిసినవారిని అడగడం శాస్త్రజ్ఞునికి చిన్నతనం కాదని ఆయన నడవడి చాటుతున్నది. 1918లో ఉర్దూ మాధ్యమంతో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు అనువాద శాఖ, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి సాగించిన పదనిర్మాణ కృషి కూడా ఇట్టిదే.

ఆ రోజులలోనే ఆయన మరొక వింత గమనించాడు. వెండి సల్ఫైడు, సీసపు ఫ్లోరైడు వంటి ఘనపదార్థాలు వేడెక్కినకొలది విద్యుత్తును ఎక్కువగా ప్రవహింపజేశాయి. ద్రవం లేకుండ ఘనపదార్థంలోనే అయానులు పయనించగలవనే నేటి పరిశోధనకు బీజం అందున్నది.

1844 సెప్టెంబరులో ఇంగ్లండు ఉత్తర ప్రాంతాన హాస్వెల్ బొగ్గుగని పేలి 95 మంది పనివారు మరణించారు. ప్రభుత్వం ఫారడేను, భూగర్భశాస్త్రజ్ఞుడు చార్లెస్ లయల్‌ను విచారణకు పంపింది. గనిలో గాలి వేగం కొలిచే విధం చూపమనగా, ఒక అధికారి చిటికెడు తుపాకిమందును కొవ్వొత్తి మంటలో రాల్చి, ఆ పొగ పోకను చూపించాడు. మిగిలిన మందు ఎక్కడ దాచారని విచారించగా, మెత్తగా ఉంటుందని తనకు ఆసనంగా వేసిన సంచియే అదని ఫారడేకు తెలిసింది! ఎగసిన బొగ్గుధూళి కూడా పేలుడును పెంచుతుందని వారిరువురు నివేదించారు. ఆ హెచ్చరికను లోకం పూర్తిగా అంగీకరించడానికి దశాబ్దాలు పట్టింది.

రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి రెండుసార్లు వరించి వచ్చినా ఫారడే స్వీకరించలేదు. క్రిస్మస్ సెలవులలో బాలబాలికల కొరకు 19 పర్యాయాలు ఉపన్యాస పరంపరలు నడిపాడు. 1867 ఆగస్టు 25వ తేదీన పరమపదించాడు.

ఆయన పేరు పెట్టిన ఎలక్ట్రోడు చరిత్ర అంతటితో ముగియలేదు. 1817లో స్వీడను దేశీయుడు ఆర్ఫ్‌వెడ్‌సన్ కనుగొన్న లిథియం నేటి బ్యాటరీలకు ప్రాణం. 1980లో జాన్ గుడెనఫ్ బృందం కోబాల్టు ఆక్సైడుతో ఎలక్ట్రోడును రూపొందించింది. 1991లో లిథియం అయాను బ్యాటరీ విపణికి వచ్చింది. అయితే మితిమీరి వేడెక్కినప్పుడు ఆ ఆక్సైడు ప్రాణవాయువును వదలుతుంది. లోపలి ద్రవమేమో మండే స్వభావం కలది. ఇంధనము, ప్రాణవాయువు ఒకే పెట్టెలో చేరినట్లే! 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణంలో రేగిన మంటల పొగ పైనున్న హోటలును కమ్మి ఎనిమిది మంది అసువులు బాశారు.

దీనికి విరుగుడుగా వచ్చినదే 1997లో గుడెనఫ్, ఆయన సహచరులు ప్రకటించిన ఇనుప ఫాస్ఫేటు ఎలక్ట్రోడు. ఇందులో భాస్వరము ప్రాణవాయువును గట్టిగా పట్టి ఉంచుతుంది. వేడికి సులభంగా విడువదు. రెండవ వైపున గ్రాఫైటుకు బదులు లిథియం టైటనేటు వాడినచో, త్వరితంగా చార్జి చేసినప్పుడు లోహం పేరుకొని సూదులవలె పెరిగే ప్రమాదం తగ్గుతుంది. అదే బరువుకు నిలువ ఉండే శక్తి కొంత తగ్గడం మనం చెల్లించే మూల్యం. హైదరాబాదులోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధన కేంద్రం ఈ రెండు పదార్థాలపైన కృషి సాగించింది. ఫారడే గమనించిన మార్గంలో, ద్రవం బదులు ఘనపదార్థాన్నే వాడే బ్యాటరీల కొరకు దేశదేశాల ప్రయోగశాలలు శ్రమిస్తున్నాయి.

శక్తి అదుపు తప్పితే ఏమగునో కోనసీమకు ఒకరు చెప్పనక్కరలేదు. 1995లో పాశర్లపూడి గ్యాసు బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి ఇరవై మందికి పైగా మరణించారు. అందువలన శక్తిని సృష్టించే విద్యతోపాటు దానిని నిరపాయంగా నిలిపే విద్య కూడా మన పిల్లలకు కావాలని మేము దృఢంగా విశ్వసిస్తున్నాము.

అందుకు ఆరంభం కష్టమైనది కాదు. ఏడు రాగి బిళ్ళలు, ఏడు జింకు బిళ్ళలు, ఉప్పునీరు, కాగితం ఏ కళాశాల ప్రయోగశాలలోనైనా లభిస్తాయి. ప్రతి విద్యార్థి, విద్యార్థిని ఒక్కసారైనా వాటిని తమ చేతులతో పేర్చే అవకాశం కల్పించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాము. అట్ట కట్టే కుర్రవాడు మొదలుపెట్టినది అక్కడే.