గుడి దాటి గుడిసెకు వచ్చిన బొమ్మలు – రాజా రవివర్మ జీవితం

అక్షరం రానివాళ్లకు కూడా అర్థమయ్యేది బొమ్మ ఒక్కటే. మన ఇళ్లల్లో పుస్తకాలు లేకపోవచ్చు గానీ, కిరాణా కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండర్ ఒకటి గోడకు తప్పకుండా వేలాడుతూ ఉంటుంది. అందులో తామరపువ్వు మీద నిలబడిన లక్ష్మీదేవి, వీణ పట్టుకున్న సరస్వతీదేవి. దేవతలు ఎప్పటినుంచో అలాగే ఉన్నారని మనం అనుకుంటాం. కానీ క్యాలెండర్లలో మనకు అలవాటైన ఆ రూపం వెనుక ఒక మనిషి ఊహ, ఒక మనిషి కష్టం ఉన్నాయి. ఆయనే రాజా రవివర్మ.

రవివర్మ 1848 ఏప్రిల్ 29న తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో జన్మించాడు. తండ్రి సంస్కృత పండితుడు. తల్లి ఉమాంబాబాయి కవయిత్రి. పురాణ కథలు వింటూ పెరిగిన ఆ పిల్లవాడు బొగ్గుముక్కతో ఇంటి గోడలన్నీ బొమ్మలతో నింపేవాడని చెబుతారు. పెద్దలు కోప్పడినా మేనమామ రాజరాజవర్మ మాత్రం ఆ గీతల్లో ప్రతిభను గుర్తించి తానే మొదటి గురువయ్యాడు. 1862లో పద్నాలుగేళ్ల మేనల్లుణ్ణి తిరువనంతపురం తీసుకువెళ్లి, మహారాజు ఆయిల్యం తిరునాళ్‌కు పరిచయం చేశాడు. రాజాశ్రయం దొరికింది.

రాజాశ్రయం దొరికినా విద్య దొరకలేదు. అప్పట్లో తైలవర్ణ చిత్రం, అంటే ఆయిల్ పెయింటింగ్, మన దేశంలో కొత్త. ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయకర్‌కు అది తెలుసు, కానీ ఈ కుర్రవాడు తనకు పోటీ అవుతాడని నేర్పలేదు. ఆయన శిష్యుడు ఆర్ముగం పిళ్లై మాత్రం గురువుకు తెలియకుండా కొంత చెప్పాడని జీవితచరిత్రకారులు రాశారు. 1868లో థియొడోర్ జెన్సన్ అనే యూరప్ చిత్రకారుడు రాజకుటుంబం బొమ్మలు గీయడానికి వచ్చాడు. ఆయనా పాఠం చెప్పలేదు. పక్కన నిలబడి చూడడానికి మాత్రం ఒప్పుకున్నాడు. రవివర్మకు అదే చాలింది. రంగులు ఎలా కలుపుతున్నాడు, వెలుగు ఎటునుంచి పడుతోంది, నీడ ఎక్కడ పెడుతున్నాడు అని కళ్లతోనే నేర్చుకుని, ఆ తర్వాత ఏళ్ల తరబడి సాధన చేశాడు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. రాజబంధువు, చేతిలో డబ్బున్నవాడు, అలాంటివాడికే విద్య ఇవ్వడానికి ఇద్దరు వెనుకాడారు. అలాంటప్పుడు మన తాత ముత్తాతలకు ఎన్ని తలుపులు మూసి ఉంటారో వేరే చెప్పనక్కర్లేదు. మనలో చాలామందిమి ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లం. తెలిసినవాళ్లు విద్యను దాచుకుంటే ఎంత నష్టమో మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

1873లో మద్రాసు ప్రదర్శనలో, జడలో పూలు తురుముకుంటున్న నాయర్ స్త్రీ చిత్రానికి రవివర్మకు బంగారు పతకం వచ్చింది. అదే చిత్రం వియన్నాలో కూడా బహుమతి పొందింది. 1876లో శకుంతల దుష్యంతుడికి లేఖ రాస్తున్న చిత్రాన్ని మద్రాసు గవర్నరు కొనుక్కున్నాడు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ పురాణగాథల మీద పద్నాలుగు చిత్రాలు అడిగాడు. అప్పుడు రవివర్మకు పెద్ద చిక్కు వచ్చింది. పురాణాల్లోని స్త్రీలు ఏ బట్టలు కట్టుకున్నారు? ఏ ప్రాంతం వాళ్లలా కనిపించాలి? ఈ ప్రశ్నలతో 1888లో తమ్ముడు సి. రాజరాజవర్మతో కలిసి ఉత్తర భారతం తిరిగాడు. చివరికి చీరను ఎంచుకున్నాడు. 1890 నాటికి చిత్రాలు పూర్తయ్యాయి. వాటిని జనానికి ప్రదర్శిస్తే చూడడానికి తండోపతండాలుగా వచ్చారు.

ఆయన ఊహాశక్తి ఏమిటో జటాయువు చిత్రంలో తెలుస్తుంది. తెగిన రెక్క కిందికి జారుతోంది, రావణుడి చేతిలో కత్తి, సీత చూడలేక ముఖం కప్పుకుంది. అలాంటి పక్షిని ఎవరూ చూడలేదు. అయినా నిజం పక్షికి నొప్పి పుట్టినట్టే మనకు బాధ కలుగుతుంది. హంసతో మాట్లాడే దమయంతిని 1899లో గీశాడు. హంస మాట్లాడుతుందని నమ్మించడానికి ముందు దమయంతి నిజంగా వింటున్నట్టు గీశాడు. ఎదురుగా మనుషుల్ని నిలబెట్టి, నాటకాలు చూసి, నగలు, చీరల మడతలు పరిశీలించి, ఆ నిజాల మీద అద్భుతాన్ని నిలబెట్టడమే ఆయన పద్ధతి.

రాజమహళ్లలోని బొమ్మలు సామాన్యులకు చేరాలంటే అచ్చు వేయాలని దివాన్ సర్ టి. మాధవరావు సలహా ఇచ్చాడు. 1894లో రవివర్మ బొంబాయిలో ముద్రణాలయం పెట్టాడు. యంత్రాలు, నిపుణులు జర్మనీ నుంచి వచ్చారు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి మీద బొమ్మను విడిగా గీసి, ఒకదాని మీద ఒకటి అచ్చు వేసేవారు. ఒక్క రాయి కాస్త పక్కకు జరిగినా బొమ్మ పాడయ్యేది. ప్లేగు వ్యాధి వల్ల ముద్రణాలయాన్ని లోనావాలా దగ్గరి మళవలికి తరలించారు. అప్పుల బాధతో చివరికి దాన్ని జర్మన్ నిపుణుడు ష్లైషర్‌కు అమ్మేయవలసి వచ్చింది. తర్వాత మన దేశపు తొలి చలనచిత్ర దర్శకుల్లో ఒకరైన ఫాల్కే కూడా కొంతకాలం అక్కడ పనిచేశాడు.

ఆయన సొంత సంస్థానంలో అంటరానివారని దూరం పెట్టినవాళ్లకు గుడి ప్రవేశం 1936 నవంబరు 12న గాని దొరకలేదు. అచ్చుబొమ్మలు మాత్రం అంతకు నలభై ఏళ్ల ముందే బయలుదేరాయి. వాటికి కులం అడిగే ద్వారపాలకుడు లేడు. కొనుక్కోగలిగితే ఏ గుడిసె గోడ మీదికైనా వచ్చేవి. రవివర్మ ఈ ఉద్దేశంతో చేశాడని మేము చెప్పడం లేదు. ఆయన చేసిన పని ఆయన కంటే ముందుకు నడిచిందని మాత్రం చెబుతున్నాం.

రెండో వైపు కూడా చూడాలి. నాడార్ స్త్రీలు ఒంటి మీద పైవస్త్రం కప్పుకునే హక్కు కోసం పోరాడి 1859లో రాజప్రకటన సాధించినది ఆయన పుట్టిన తిరువాన్కూరులోనే. అప్పటికి ఆయనకు పదకొండేళ్లు. ఆయన దేవతలకు పట్టుచీరలు, నగలు, తెల్లని ఒళ్లు ఉన్నాయి. ఎండలో పనిచేసే మన అమ్మల రంగు లేదు. ఆయన ప్రసిద్ధ చిత్రాల్లో పోచమ్మ లేదు, మైసమ్మ లేదు. ఆయన బొమ్మల్లో నాటకీయత ఎక్కువని, యూరప్ పోకడ అని విమర్శకులు కూడా తప్పుపట్టారు.

1904లో కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1905లో కుడిభుజం లాంటి తమ్ముడు చనిపోయాడు. 1906 అక్టోబరు 2న కిళిమానూరులో యాభై ఎనిమిదేళ్ల వయసులో రవివర్మ కన్నుమూశాడు.

ఆయన గీయని కథలు మన దగ్గర ఇంకా ఉన్నాయి. డక్కలివాళ్లు చెప్పే జాంబపురాణం ఉంది. చేర్యాల నకాషీ కళాకారులు పొడవాటి గుడ్డ మీద గీసే కులపురాణాలు ఉన్నాయి. బోనాల పాటల్లో ఎల్లమ్మ ఉంది. మన అవ్వలు చెప్పే ఆ కథల్ని రాసిపెట్టుకుని, బొమ్మ వేయగలిగినవాళ్లం మన రంగుల్లో వేద్దాం. నేర్పేవారు దొరక్కపోతే పక్కన నిలబడి చూసైనా నేర్చుకుందాం. నేర్చుకున్నాక మాత్రం, మన తర్వాత ఈ హాస్టల్‌కు వచ్చే తమ్ముడికో చెల్లెలికో దాచుకోకుండా చెబుదాం.