తిరునల్వేలి నుంచి డోర్నకల్‌కు: తెలుగు పల్లెల గురువులను తీర్చిదిద్దిన బిషప్ అజరయ్య

మన సంఘాల సభల్లో మనం చెప్పుకునే చరిత్ర ఎక్కువగా తెలుగు నేల నుంచి దక్షిణానికి నడిచి వచ్చినవారిది. విజయనగర, నాయక రాజుల కాలంలో వచ్చి కోవిల్‌పట్టి, ఎట్టయాపురం చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో స్థిరపడ్డవారి గురించి మన పెద్దలు చెప్పగా విన్నాం. ఈసారి అదే తిరునల్వేలి సీమ నుంచి ఎదురు దారిలో వెళ్ళి, తెలుగు నేర్చుకుని, తెలుగు పల్లెల్లో ముప్ఫై అయిదేళ్ళు పనిచేసి, అక్కడి మట్టిలోనే కలిసిపోయిన ఒక తమిళుడి గురించి రాస్తున్నాం. ఆయన వేదనాయకం శామ్యూల్ అజరయ్య. క్రైస్తవులకు ఆయన పేరు కొత్త కాదు. మిగతావారిలో చాలామందికి తెలియదు. మత భేదం పక్కన పెట్టి మన పాఠకులందరూ తెలుసుకోవలసిన జీవితం ఇది.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లా వెళ్ళాళన్‌విళైలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు తూత్తుకుడి జిల్లాలో ఉంది. తండ్రి థామస్ వేదనాయకం పల్లెటూరి ఆంగ్లికన్ గురువు. కుటుంబం నాడార్ కులానికి చెందినది. తాటిచెట్లెక్కి కల్లు గీసే వృత్తి కారణంగా ఆ కులాన్ని ఆ రోజుల్లో పై కులాలవారు చాలా చిన్నచూపు చూసేవారు. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి ఎల్లెన్ క్రమశిక్షణతో పెంచింది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితం చదివారు గానీ డిగ్రీ చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి, దక్షిణ భారతమంతా తిరుగుతూ 1909 దాకా ఆ ఉద్యోగం చేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. ఆ సీమ క్రైస్తవ స్త్రీలలో కళాశాల మెట్లెక్కిన తొలితరం ఆమెది.

1902లో అజరయ్య యాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో మత ప్రచారం చేయడం చూశారు. తిరునల్వేలిలో అంతకన్నా పెద్ద క్రైస్తవ సమాజం ఉండి కూడా అన్నిటికీ తెల్ల మిషనరీల వైపు చూస్తోందే అన్న బాధ ఆయనను పట్టుకుంది. మరుసటి ఏడాది, 1903 ఫిబ్రవరి 12న, మిత్రులతో కలిసి తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. డబ్బు మనదే కావాలి, మనుషులు మనవాళ్ళే కావాలి, నిర్వహణ మన చేతిలోనే ఉండాలి. ఆ సొసైటీ నియమం అదే. 1905 డిసెంబరు 25న సెరంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టినప్పుడు కూడా ముందు నిలిచినవారిలో ఆయన ఒకరు.

తిరునల్వేలి సొసైటీ పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. చెన్నై నుంచి కాజీపేట మీదుగా ఢిల్లీ వెళ్ళే రైళ్ళు ఖమ్మం దాటాక ఆ స్టేషను మీదుగానే పోతాయి. ఇప్పుడది తెలంగాణలో మహబూబాబాద్ జిల్లా. 1909లో అజరయ్య గురువుగా అభిషేకం పొంది, వై.ఎం.సి.ఏ. ఉద్యోగం వదిలి, భార్యతో అక్కడికి చేరారు. అప్పటికి ఆయనకు ముప్ఫై అయిదేళ్ళు. దేశమంతా ఎరిగిన ఉద్యోగి ఆ వయసులో అక్షరాలు దిద్దుకుని కొత్త భాష నేర్చుకున్నారు. కొంతకాలానికి తెలుగులోనే ప్రసంగించి, తెలుగులోనే పాఠం చెప్పే స్థితికి వచ్చారు.

1910లో స్కాట్లండ్ రాజధాని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ అజరయ్య చేసిన ప్రసంగం చర్చి చరిత్రలో నిలిచిపోయింది. విదేశీ మిషనరీల త్యాగాన్ని, దాతృత్వాన్ని ఆయన మెచ్చుకున్నారు. ఆ వెంటనే, వారు భారతీయులను సమానులుగా చూసి స్నేహితులు కావడం లేదని నిండు సభలో చెప్పారు. వచ్చినవారిలో అత్యధికులు తెల్లవారే. కొందరికి కోపం వచ్చింది. మరికొందరు తల వంచుకుని ఆలోచించారు.

రెండేళ్ళకు, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయనను డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి వెనక నిలబడ్డారు. ఒక భారతీయుడి కింద తెల్ల గురువులు ఎలా పనిచేస్తారని మిషనరీల్లో కొందరు అడ్డుపడ్డారు. ఆయన పుట్టిన కులాన్ని చూసి ముఖం చిట్లించినవారు మనవాళ్ళలోనూ ఉన్నారు. మొదట చిన్నదిగా ఉన్న డోర్నకల్ డయోసిస్‌లో తర్వాత కృష్ణా జిల్లా వైపు ప్రాంతాలు కూడా కలిశాయి.

ఆయన చేసిన అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఆ కాలంలో తెలుగు పల్లెల్లో మాల, మాదిగ వాడలకు వాడలే క్రైస్తవంలో చేరుతున్నాయి. చేరినవారికి చదువు లేదు, భూమి లేదు, వెట్టిచాకిరీ తప్పలేదు. వారికి బోధించడానికి మనుషులు చాలరు. సీమ నుంచి వచ్చే మిషనరీలు ఎందరని వస్తారు? పట్నంలో ఇంగ్లీషు చదివిన గురువు పల్లెలో ఎన్నాళ్ళు నిలుస్తాడు? అజరయ్య ఆ వాడల్లోంచే మనుషులను ఏరుకున్నారు. కొద్దిపాటి చదువున్న యువకులను పల్లె పంతుళ్ళుగా పెట్టారు. పంతులు పగలు పిల్లలకు బడి చెప్పాలి, సాయంత్రం పెద్దలను కూర్చోబెట్టి ప్రార్థన జరపాలి, జబ్బు చేసినవారిని చూసుకోవాలి, తగవు వస్తే తీర్చాలి. ఆ పనిలో నిలిచి నమ్మకం సంపాదించినవారిని డోర్నకల్ వేదపాఠశాలకు పిలిపించి గురువులుగా శిక్షణ ఇచ్చేవారు. ఇంగ్లీషు రాకపోయినా అడ్డు లేదు. బోధన తెలుగులోనే.

ఆ పాఠశాల పద్ధతులు తెలుసుకోదగినవి. విద్యార్థి ఒక్కడే రాకూడదు. భార్యాబిడ్డలతో వచ్చి అక్కడ కాపురం ఉండాలి. భార్యలకు వేరే తరగతులు నడిచేవి. పల్లెలో ఆడవాళ్ళతో మాట్లాడేది, పిల్లల శుభ్రత చెప్పేది ఆ ఇల్లాలే గనుక ఆమె చదువు లేకుండా ఆయన చదువు సగమే అని బిషప్ నమ్మకం. అన్బు మరియమ్మాళ్ స్త్రీల మధ్య పనిని తన భుజాన వేసుకున్నారు. విద్యార్థులు ఒంటితో కూడా పని చేయాలి. పల్లెకు తిరిగి వెళ్ళాక అక్కడి కూడు, అక్కడి ఇల్లు పరాయిగా తోచకూడదని ఆ ఏర్పాటు.

గురువుల జీతానికి విదేశాల వైపు చూడటం ఆయనకు ఇష్టం లేదు. అన్నం వండే ముందు ఇల్లాలు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. పంట కోతలప్పుడు కోతల పండుగ జరిపి, ధాన్యం, కోళ్ళు, కూరగాయలు తెచ్చి అర్పించేవారు. నిరుపేద కూడా ఇచ్చేవాడైతేనే వాడి వెన్ను నిలబడుతుందని ఆయన బోధ. క్రైస్తవుడు ఇవ్వవలసిన కానుకల మీద ఆయన రాసిన చిన్న పుస్తకం తర్వాత అనేక భాషల్లోకి వెళ్ళి, వేరే దేశాల చర్చిల్లోనూ పాఠంగా మారింది. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ తన తల మీద చెయ్యి పెట్టుకుని, తాను నమ్మినదాన్ని ఇతరులకు చెబుతానని ప్రమాణం చేయించడం కూడా ఆయన పద్ధతే. భజనలు, పాటలు, తెలుగువారి రాగాలు, తాళాలు ఆరాధనలోకి తెచ్చారు. 1930ల మధ్యకు వచ్చేసరికి ఆ డయోసిస్‌లో సుమారు 250 మంది భారతీయ గురువులు, 2000కు పైగా పల్లె పంతుళ్ళు పనిచేస్తున్నారు. 1941 నాటికి క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

అన్నీ సాఫీగా సాగలేదు. మాలలు, మాదిగలు ఒకే చర్చిలో కూర్చున్నా ఒకరి చేతి నీళ్ళు ఒకరు తాగని ఊళ్ళున్నాయి. ఒకే పాత్రలోని ప్రభు భోజనం అందరూ తీసుకోవాలని ఆయన పట్టుబట్టారు. కొన్నిచోట్ల గెలిచారు, చాలాచోట్ల ఆ గోడ ఆయన తర్వాత కూడా మిగిలింది. సామూహిక మత మార్పిడి గురించి గాంధీజీకి, ఆయనకు 1930ల్లో గట్టి భేదాభిప్రాయం వచ్చింది. అణగారినవారికి తమ మతం ఎంచుకునే బుద్ధి లేదనుకోవడం సరికాదని అజరయ్య వాదన. అయినా క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు వద్దని, దేశ ప్రజల్లో కలిసే ఉండాలని ఆయన బహిరంగంగా చెప్పారు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూస్తేనే మనిషి అర్థమవుతారు.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన కెథెడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. మసీదును తలపించే గుమ్మటాలు, గుడి మండపం లాంటి స్తంభాలు, శిలువ అన్నీ ఆ కట్టడంలో ఒక్కటై కనిపిస్తాయి. కట్టడంలో చేసిన పనినే చర్చిలన్నిటి మధ్యా చేయాలని ఆయన కోరిక. 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశంతో దక్షిణ భారత చర్చిల ఐక్యత ప్రయత్నం మొదలుపెట్టినవారిలో ఆయన ముఖ్యులు. 1927లో స్విట్జర్లండ్‌లోని లోజాన్‌లో, 1938లో మద్రాసు తాంబరంలో జరిగిన ప్రపంచ సభల్లోనూ అదే మాట వినిపించారు. 1947 సెప్టెంబరు 27న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది. అది చూడటానికి ఆయన లేరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. సమాధి కూడా అక్కడే, ఆ కెథెడ్రల్ ఆవరణలో.

ఇక మన మాట. తమిళనాడులో, కర్ణాటకలో, ఒడిశాలో, మహారాష్ట్రలో ఆదివారం తెలుగు తరగతులు మొదలుపెట్టి, పంతులు దొరకలేదని ఆపేసిన ఊళ్ళు చాలా ఉన్నాయి. ఉపాధ్యాయుణ్ణి పంపండి, పుస్తకాలు పంపండి అని తెలుగు రాష్ట్రాలకు అర్జీలు పెడుతూనే ఉన్నాం. పెట్టవలసిందే, అది మన హక్కు. కాని జవాబు వచ్చే లోపల ఒక తరం పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, పెద్దబాలశిక్ష చదవలేనివారిగా పెరిగిపోతున్నారు. డోర్నకల్ పద్ధతి మనకు అక్కరకు వస్తుంది. బయటి నుంచి గొప్ప పండితుడు రానక్కర్లేదు. మన వీధిలో గుణింతాలు తెలిసిన ఒక కోడలిని, ఉద్యోగ విరమణ చేసిన ఒక దంపతుల జంటను ఎంచుకుని, వేసవిలో పది పదిహేను రోజులు బోధనా పద్ధతి నేర్పితే చాలు. ఖర్చుకు ఇంటింటి పిడికెడు బియ్యం సరిపోతుంది.

తెలుగు తన భాష కాకపోయినా దాన్ని నేర్చుకుని, చదువు అందని వాడల్లోంచి వేలమంది పంతుళ్ళను తయారుచేశారాయన. మనకు ఇది ఉగ్గుపాలతో వచ్చిన భాష. వచ్చే వేసవికి ఇలాంటి శిక్షణ పెట్టాలని మా సంఘం తీర్మానించింది. ఇతర ఊళ్ళ సంఘాలవారు కూడా తమ తమ వీధుల్లో చెప్పగలిగిన ఇద్దరేసి పేర్లు ఇప్పుడే రాసి పెట్టుకోవాలని కోరుతున్నాం.